ఎదురుచూపులకు ఒక తేదీ

1944 జనవరి 25. చైనాలోని కున్మింగ్ నుంచి ఓ అమెరికన్ బాంబర్ బయల్దేరింది. నాలుగు ఇంజిన్ల బి-24 లిబరేటర్. దానికి సిబ్బంది పెట్టుకున్న పేరు 'హాట్ యాజ్ హెల్'. లోపల ఎనిమిది మంది. చేరాల్సింది మన అస్సాంలోని చాబువా. ఆ రోజు ఎక్కడా బాంబులు వేసే పని లేదు. సామాన్లు తీసుకెళ్లడానికి వస్తున్నారంతే. మధ్యలో హిమాలయాల తూర్పు కొస. వాతావరణం బాగాలేదు. విమానం చాబువా చేరలేదు.

వెతికారు. దొరకలేదు. ఆ కొండల్లో అంతకుముందూ ఆ తరవాతా అలా మాయమైన విమానాలు వందల్లో ఉన్నాయి. వాటిలో ఇదీ ఒకటైపోయింది.

ఈ విమానం గురించి నాకు తెలిసింది 2016 జులైలో. తాంబరం నుంచి పోర్ట్‌బ్లెయిర్ వెళ్తూ మన వాయుసేన ఏఎన్-32 విమానం బంగాళాఖాతం మీద మాయమైన రోజులవి. 29 మందిలో ఎనిమిది మంది విశాఖపట్నం నేవల్ ఆర్మమెంట్ డిపో ఉద్యోగులు. గతంలో ఇలా తప్పిపోయిన విమానాలు ఎన్నేళ్లకు దొరికాయో ఓ బాక్సు ఐటం రాసిమ్మన్నారు మా డెస్కులో. రాయడానికి కూర్చుంటే 'హాట్ యాజ్ హెల్' కనిపించింది. బాక్సు ఐటం గంటన్నరలో అయిపోయింది. ఈ విమానాన్ని మాత్రం నేను వదల్లేకపోయాను. ఎందుకో తరవాత చెబుతాను.

ఇంతకీ బాంబర్‌కి సామాన్లు మోసే పనేమిటి? 1942లో జపాన్ బర్మాను ఆక్రమించడంతో చైనాకి రోడ్డు దారి మూసుకుపోయింది. అక్కడి సైన్యానికి పెట్రోలు, తుపాకులు, మందులు... ఏది కావాలన్నా అస్సాం నుంచి విమానాల్లోనే వెళ్లాలి. ఆ దారికి పైలట్లు పెట్టుకున్న పేరు 'హంప్'. అంటే మూపురం. యుద్ధం ముగిసేదాకా ఆ మూపురం మీదుగా ఆరు లక్షల టన్నులకు పైగా సరుకు చేరవేశారు. చైనాలో ఉన్న 308వ బాంబర్ గ్రూపుకయితే ఇంకో తిప్పలు. తమ పెట్రోలు, తమ బాంబులు తామే మోసుకొచ్చుకోవాలి. శత్రువు మీదకి ఒక్కసారి వెళ్లాలంటే ముందు రెండు మూడుసార్లు అస్సాం వచ్చి వెళ్లాలన్నమాట! 'హాట్ యాజ్ హెల్' ఆ గ్రూపుదే. శత్రువు తుపాకీకి దొరక్కుండా, సరుకు కోసం వస్తూ పోయిన విమానం.

తుపాకుల నంబర్లూ ఉంటాయి

విమానం మాయమైతే అమెరికా సైన్యం ఏం చేసేదో తెలుసుకున్నాక నాకు మతిపోయింది. 1943 నుంచి వాళ్లకో పద్ధతుంది. విమానం రాలేదని తేలిన 48 గంటల్లోగా ఓ ఫారం నింపాలి. 'తప్పిపోయిన విమాన సిబ్బంది నివేదిక' అని దాని పేరు. ఎక్కడ బయల్దేరింది, ఎటు వెళ్తోంది, ఆ పూట వాతావరణం ఎలా ఉంది, చివరిసారి చూసిందెవరు, రేడియోలో మాట్లాడిందెవరు... అన్నీ రాయాలి. లోపలున్న ప్రతి మనిషి పేరు, హోదా, సర్వీసు నంబరు. ఇంటిదగ్గర ఎవరికి కబురు చెప్పాలో వాళ్ల పేరు, చిరునామా. అక్కడితో ఆగలేదు. విమానం నంబరు, ఒక్కో ఇంజిన్ నంబరు, దాంట్లో బిగించిన ఒక్కో మెషిన్ గన్ నంబరు కూడా!

గన్ను నంబరెందుకు అనిపిస్తుంది. విమానం కొండకు గుద్దుకుంటే రెక్కలు, రంగులు, పేర్లు మిగలవు. ఉక్కు గొట్టం మిగులుతుంది. దాని మీద చెక్కిన అంకెలు మిగులుతాయి. ఎప్పుడో ఎవరో ఆ తుప్పు తుడిచి నంబరు చదివితే అది ఏ విమానమో తేలిపోతుంది. 1944లో టైపు మిషన్ ముందు కూర్చున్న ఏ గుమాస్తానో విసుక్కుంటూ కొట్టి ఉంటాడు ఆ అంకెలు. అరవై ఏళ్ల తరవాత వాటితో అవసరం పడుతుందని అతనికేం తెలుసు!

ఇలాంటి నివేదికలు 16 వేలకు పైనే ఉన్నాయి. అమెరికా జాతీయ ఆర్కైవ్స్‌లో భద్రంగా ఉన్నాయి. కంప్యూటర్లో చదవొచ్చు. ఇవి కాక, చనిపోయిన ఒక్కో మనిషికీ విడిగా ఓ ఫైలు. పళ్ల పటం, ఎత్తు, గదిలో వదిలిపెట్టిన వస్తువుల జాబితా, కొడుకు గురించి ఆరా తీస్తూ తల్లిదండ్రులు రాసిన ఉత్తరాలు, వాటికి సైన్యం ఇచ్చిన జవాబులు. కొన్ని ఆదివారాలు వీటిని చదువుతూ కూర్చున్నాను. జవాబులు ఎంతో మర్యాదగా ఉంటాయి. కొత్తగా చెప్పిందేమీ ఉండదు.

అయితే ఫైలులో ఉన్నదంతా నిజమేనని నమ్మేస్తే తప్పుదారి పడతాం. దానికి అందరూ చెప్పే ఉదాహరణ 'లేడీ బి గుడ్'. అదీ బి-24 బాంబరే. 1943 ఏప్రిల్ 4న ఇటలీలోని నేపుల్స్ మీద దాడికి లిబియా నుంచి వెళ్లింది. తొమ్మిది మంది సిబ్బందికీ అది మొదటి దాడి. రాత్రి తిరిగొస్తూ దారి తప్పారు. మనం ఎటు ఉన్నామని రేడియోలో అడిగారు. కింది నుంచి దిక్కు చెప్పారు. అప్పటి యాంటెనాతో వచ్చిన చిక్కేమిటంటే, అది గీత చెబుతుందిగానీ విమానం ఆ గీత మీద ముందుందో వెనకుందో చెప్పదు. సముద్రం మీద ఉన్నామనుకుని వాళ్లు ముందుకే పోయారు. నిజానికి స్థావరం ఎప్పుడో దాటేశారు. కింద ఉన్నది సహారా ఎడారి. జరిగిందిదేనని తరవాత నిపుణులు తేల్చారు.

సముద్రంలో పడిపోయి ఉంటుందని సైన్యం అనుకుంది. వెతికింది కూడా అటే. 1958లో చమురు కోసం వెతికేవాళ్లకు ఎడారి మధ్యలో ఆ విమానం కనిపించింది. లోపల మనుషుల్లేరు. పెట్రోలు అయిపోవస్తుంటే పారాచూట్లతో దూకేశారు. ఎనిమిది మంది ఒకచోట కలుసుకుని ఉత్తరంగా నడిచారు. వెనక వచ్చేవాళ్లకు తెలియాలని బూట్లు, పారాచూట్ గుడ్డ ముక్కలు బాణం గుర్తులా పేర్చుకుంటూ పోయారు. ఎడారిలో అంత తక్కువ నీళ్లతో పాతిక ముప్ఫై మైళ్లకు మించి ఎవరూ నడవలేరని లెక్కవేశారు. వెతికేవాళ్లు ఆ లెక్క నమ్ముకున్నంత కాలం ఎవరూ దొరకలేదు. 1960లో ఐదుగురి అవశేషాలు దాదాపు 80 మైళ్ల అవతల దొరికాయి. కో-పైలట్ జేబు డైరీలో చివరి తేదీ ఏప్రిల్ 12. అంటే ఎనిమిది రోజులు బతికే ఉన్నారు. వెతుకుతున్నవాళ్లేమో సముద్రం వైపు చూస్తున్నారు. ఆ సంగతి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

రంగం మామ్మ

ఇప్పుడు మా ఇంటి సంగతి. మాది శ్రీకాకుళం వైపు. మా తాతయ్య వాళ్ల అన్నయ్య పెళ్లయిన రెండేళ్లకి రంగం వెళ్లాడు. రంగం అంటే రంగూన్. అప్పట్లో మా ప్రాంతం నుంచి వేలమంది అక్కడి ఓడరేవులోకీ, బియ్యం మిల్లుల్లోకీ కూలికి వెళ్లేవారు. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. ఓడ టిక్కెట్లు దొరికిన కొద్దిమందీ ఓడ ఎక్కారు. దొరకని లక్షల మంది కొండలు, అడవులు దాటుకుంటూ భారతదేశం వైపు నడిచారు. జ్వరాలతో, ఆకలితో దారిలోనే వేలమంది పోయారు. మా ఊరివాళ్లు కొందరు చేరుకున్నారు. మా పెద్దతాతయ్య చేరుకోలేదు. జ్వరంతో చెట్టు కింద కూర్చుని ఉండగా చూశానని ఒకాయన చెప్పాడట. ఏ చెట్టు, ఏ ఊరు, ఏ రోజు? 'కొండల్లో' అన్నాడు, అంతే.

ఆయన భార్యని మేమంతా రంగం మామ్మ అనేవాళ్లం. ఆవిడ రంగం చూసింది లేదు! భర్త అక్కడికి వెళ్లి రాలేదు కాబట్టి ఆ పేరు. ఆవిడ చనిపోయింది 2003లో. అప్పటికి ఎనభై దాటి ఉంటాయి. అరవై ఏళ్లకు పైగా నుదుట రూపాయి బిళ్లంత బొట్టు, చేతులకు గాజులు. ఎవరేమన్నా తీయలేదు. సంక్రాంతికి మా వైపు పెద్దలకు కొత్త బట్టలు పెట్టుకుంటాం. పోయినవాళ్ల పేర్లు వరసగా చెప్పి దండం పెట్టుకుంటాం. ఆ వరసలో అన్నయ్య పేరు చెప్పాలని తాతయ్య. చెప్పనివ్వనని మామ్మ. ఏటా పండగపూట ఇదే గొడవ.

"పోయాడని నీకెవరు చెప్పారయ్యా? ఏ నాడు పోయాడో చెప్పు, పెడతాను" అనేది.

తాతయ్య దగ్గర జవాబుండేది కాదు. చట్టం ప్రకారం ఏడేళ్లు కబురు లేకపోతే మనిషి లేనట్టే లెక్క. అమెరికా సైన్యమయితే తప్పిపోయిన మనిషి సంగతి ఏడాదికల్లా సమీక్షించి, చాలామంది విషయంలో అప్పుడే చనిపోయినట్టు తేల్చేసేది. మామ్మకి ఈ లెక్కలేవీ పట్టలేదు. ఆవిడ అడిగింది ఒక్క తేదీ. ఆవిడ పోయినప్పుడు పసుపు కుంకుమలతో పుణ్యస్త్రీగానే సాగనంపారు. అప్పుడు నాకు పదిహేనేళ్లలోపే. ఊళ్లో కొందరు గుసగుసలాడటం గుర్తుంది.

అందుకే ఆ ఫారంలో గన్నుల నంబర్లు చూసినప్పుడు నాకు మొదట వచ్చింది ఆశ్చర్యం కాదు, ఉక్రోషం. ఒక బాంబరు తప్పిపోతే దాని తుపాకులకు సైతం లెక్కుంది. రంగం నుంచి నడిచొచ్చినవాళ్లలో దారిలో పోయిన మనిషికి ఒక చీటీ అయినా లేదు. సైనికుల్లో మనవాళ్ల పేర్లు కొంత నయం. మయన్మార్‌లోని తౌక్యాన్‌లో సమాధి లేని సైనికులు 27 వేలమంది పేర్లు రాతి స్తంభాల మీద చెక్కారు. భారతీయుల పేర్లు అందులో ఎన్నో. కూలీకి రాయి కూడా లేదు. అయితే ఆ ఉక్రోషం ఆ ఎనిమిది మంది మీద కాదు. వాళ్ల ఇళ్లలోనూ ఓ రంగం మామ్మ ఉండే ఉంటుంది కదా!

వేటగాళ్లకు ఎప్పుడో తెలుసు

'హాట్ యాజ్ హెల్' ఎలా దొరికిందంటే... అమెరికాలోని అరిజోనాకు చెందిన క్లేటన్ కూల్స్ అనే వ్యాపారికి కొండలెక్కడం సరదా. హంప్ దారిలో కూలిన విమానాల గురించి విని వెతకడం మొదలుపెట్టాడు. ప్రభుత్వం పంపిన మనిషి కాదు. పాత నివేదికలు చదవడం, ఊళ్లకు వెళ్లి వేటగాళ్లను అడగడం, వాళ్లనే దారి చూపమని వెంట నడవడం... ఇదీ ఆయన పద్ధతి. అలా ఇరవైకి పైగా విమానాల ఆచూకీ పట్టాడు. 2006 డిసెంబరులో అరుణాచల్‌ప్రదేశ్ అప్పర్ సియాంగ్ జిల్లాలో, దమ్రో అనే ఊరికి పైన కొండవాలులో 'హాట్ యాజ్ హెల్' శకలాల దగ్గరికి చేరాడు. దమ్రో ఆది తెగవాళ్ల ఊరు.

నన్ను ఆపేసిన విషయం ఇదే. ఆ కొండల్లోని వేటగాళ్లకు ఇలాంటి శకలాలు కొత్తేం కాదు. విమానాల రేకులతో గిన్నెలు చేసుకున్న ఊళ్లున్నాయి అక్కడ. అమెరికాలో ఫైలుంది. దాంట్లో అన్ని వివరాలూ ఉన్నాయి, చోటు తప్ప. దమ్రో వైపు వాళ్లకు చోటు తెలుసు, పేర్లు తప్ప. ఈ రెండూ కలవడానికి అరవై రెండేళ్లు పట్టింది. మధ్యలో లేనిది ఎక్కి అడిగే మనిషి, అంతే!

దొరికాక అయినా పని త్వరగా అయిందా అంటే అదీ లేదు. 2008 చివర్లో అమెరికా బృందం వచ్చి చూసింది. ఆ తరవాత అనుమతులు ఆగిపోయాయి. అరుణాచల్ మీద చైనా పేచీ ఉంది కదా, అక్కడ అమెరికా సైన్యం తవ్వకాలంటే ఢిల్లీకి ఇబ్బందేనని అప్పట్లో పత్రికలు రాశాయి. ఏళ్లు గడిచాయి. ఆ విమానం నావిగేటర్ ఇర్విన్ జేట్జ్ సోదరుడి కొడుకు ఉత్తరాలు రాస్తూ, రెండు ప్రభుత్వాలనూ అడుగుతూనే ఉన్నాడు. చూసిన బాబాయి కాదు, ఫొటోలో బాబాయి. అయినా వదల్లేదు. చివరికి 2015లో తవ్వకాలు జరిగాయి.

తవ్వకం అంటే గునపాలతో కుళ్లగించడం కాదు. నేలను గళ్లుగా విభజించి, తాళ్లు కట్టి, గడి తరవాత గడి మట్టి తీస్తారు. బకెట్లలో మోసి జల్లెడ పడతారు. ఎముక ముక్క, బొత్తాం, ఒక పన్ను... ఏది ఏ గడిలో దొరికిందో రాసుకుంటారు. ఇదంతా ఎత్తయిన కొండవాలు మీద. సరదాకి వెళ్లి గుర్తుగా నాలుగు ముక్కలు తెచ్చుకునేవాళ్ల మీద వీళ్లకు కోపం అందుకే. పొరపాటున తీసిన ఒక ముక్కతో ఒక మనిషి ఆనవాలే పోవచ్చు. నాకూ అది న్యాయమైన కోపమే అనిపించింది.

దొరికిన కొద్దిపాటి అవశేషాలను 2016 ఏప్రిల్‌లో ఢిల్లీ పాలం విమానాశ్రయంలో అమెరికాకు అప్పగించారు. పెట్టెల మీద జెండాలు కప్పారు. ఆ దేశ రక్షణ మంత్రి ఆష్టన్ కార్టర్ నిలబడి సెల్యూట్ చేశాడు. అక్కడి నుంచి పని ల్యాబుది. ఇలాంటి పాత ఎముకల్లో ఎక్కువగా పనికొచ్చేది తల్లి నుంచి మాత్రమే వచ్చే ఓ రకం డీఎన్ఏ. మనకి ఇంటిపేరు తండ్రి నుంచి వస్తుంది. ఇదేమో అమ్మ నుంచి, ఆవిడకి వాళ్లమ్మ నుంచి. అంటే తప్పిపోయినవాడి అక్కచెల్లెళ్ల పిల్లలు, పెద్దమ్మ కూతురి పిల్లలు... ఇలాంటివాళ్లు పనికొస్తారు. సొంత కొడుకు పనికిరాడు! తప్పిపోయినవాడి కోసం డెబ్భై ఏళ్ల తరవాత వెతకాలంటే ముందు అతని ఆడపడుచుల సంసారాలన్నీ వెతకాలి. వేరే ఇంటిపేర్లలోకి, వేరే ఊళ్లలోకి వెళ్లిపోయినవాళ్లను.

2017లో ఒక పేరు తేలింది. ఫస్ట్ లెఫ్టినెంట్ రాబర్ట్ ఆక్స్‌ఫర్డ్. బాంబులు గురిచూసి వదిలే పని అతనిది. చనిపోయేటప్పటికి 24 ఏళ్లు. ఆ ఏడాది జూన్‌లో జార్జియా రాష్ట్రంలోని సొంతూరు కాన్‌కార్డ్‌లో సైనిక లాంఛనాలతో ఖననం చేశారు. తల్లిదండ్రులు ఎప్పుడో పోయారు. అప్పటికి ఎనిమిది మందిలో గుర్తించగలిగింది ఆ ఒక్కరినే. రెండో ప్రపంచయుద్ధంలో తప్పిపోయి నేటికీ లెక్క తేలని అమెరికన్లు సుమారు 72 వేలమంది.

మన ఏఎన్-32 జాడ కూడా తెలిసింది. మాయమైన ఏడున్నరేళ్లకు, 2024 జనవరిలో. చెన్నైకి చెందిన జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ పంపిన మనుషుల్లేని జలాంతర్గామి, 3,400 మీటర్ల లోతున శకలాలను ఫొటోలు తీసింది. ఆ వార్త మా డెస్కుకి వచ్చినప్పుడు 2016లో రాసిన బాక్సు ఐటం వెతికి తీశాను. దాని చివరి వరస ఖాళీగా ఉంటుందనుకోండి... అది నింపాను.

కిందటి సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు ఈ ఆక్స్‌ఫర్డ్ సంగతంతా పెదనాన్నకి చెప్పాను. రంగం మామ్మ ఒక్కగానొక్క కొడుకాయన. తండ్రి వెళ్లేనాటికి నెలల పిల్లవాడు. ఇప్పుడు ఎనభై నాలుగు. చెవులు సరిగా వినపడవు. రెండుసార్లు చెప్పాల్సొచ్చింది. మా ఇంట్లో పెద్దల వరసలో ఆయన తండ్రి పేరు ఇప్పుడు చెబుతున్నారు. మామ్మ పోయిన మరుసటేడు నుంచి, ఇద్దరి పేర్లూ కలిపి.

"ఎంత దొరికిందట?" అన్నాడు.

"కొంచెమే పెదనాన్నా."

"ఆ కొండేనా, మా అయ్య వచ్చిన దారి?"

కాదని చెప్పాను. దమ్రో బాగా ఉత్తరాన ఉంది. రంగం నుంచి నడిచినవాళ్ల దారులు కొన్ని ఉన్నాయి, వాటిలో ఒకటి హుకాంగ్ లోయలోంచి పాంగ్‌సౌ కనుమ దాటి అస్సాంలోని లీడో దగ్గర తేలుతుంది, బహుశా అటు కావచ్చు, ఇంకో దారీ కావచ్చు అన్నాను. ఫోన్లో మ్యాపు తీసి చూపించాను. ఆయన కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు. వేలు తగిలి మ్యాపు జరిగిపోతుంటే మళ్లీ తెచ్చి పెట్టాను.

"ఆ పేర్లు తెలుగులో పెద్దక్షరాలతో రాసిచ్చి వెళ్లు" అన్నాడు.

క్యాలెండరు వెనక రాసిచ్చాను. హుకాంగ్. పాంగ్‌సౌ. లీడో.